నాలుగో డబ్బాలోని నునుపు

కోరుట్ల పాలిష్ చాచా పోయాడన్న కబురు నాకు పదకొండు రోజులు ఆలస్యంగా చేరింది. చెప్పింది సిరిసిల్లలో సాంచెలు నడిపించే ఒక ఆసామి. సాంచె అంటే మరమగ్గం. ఆసామి అంటే దాని యజమాని, అంటే దాని చప్పుడుకూ, అది ఆగితే వచ్చే నిశ్శబ్దానికీ కూడా భయపడే మనిషి. ఫోన్ వేరే పని మీద చేశాడు. పెట్టేసే ముందు, "అన్నట్టు సారూ, మన పాలిష్ చాచా పోయిండు, ఎరుకేనా?" అన్నాడు. 'మన' అన్నాడు. అందులో నా వాటా ఎంతో ఆయనకు తెలియదు.

నేను జగిత్యాల దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ పాఠాలు చెబుతాను. పిల్లలు నిద్రపోకుండా మధ్యమధ్య జోకులు కూడా చెబుతాను. రెండింట్లో వాళ్లకు ఏది గుర్తుంటుందో పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు తెలుస్తుంటుంది.

చాచా పేరు ఇక్కడ రాయడం లేదు. మర్యాద కొద్దీ రాయడం లేదని అనుకుంటే నాకు బాగుంటుంది.

ఆయన్ని తలుచుకుంటే ముందు మొహం రాదు, కుడి చేతి బొటనవేలి గోరు వస్తుంది. మిగతా తొమ్మిది గోళ్లూ పాలిష్ సబ్బుతో నల్లగా ఉండేవి. ఇదొక్కటి మాత్రం తెల్లగా, కాస్త పొడుగ్గా, అంచు తిన్నగా కత్తిరించి ఉండేది. ఆ గోరుతో ఉల్లిగడ్డ పొట్టు తీయడు, ముడి విప్పడు, గోక్కోడు. చాయ్ గ్లాసు పట్టుకున్నా బొటనవేలు దూరంగా నిలబెట్టేవాడు, ఇంకాసేపట్లో ఎక్కడో వేలిముద్ర వేయాల్సిన మనిషిలాగా. లోహపు ముక్క ఏది చేతికి వచ్చినా కళ్లు మూసుకుని ఆ గోరును దానిమీద మెల్లగా నడిపించేవాడు. తల గోడవైపు వాలేది. గోడకు అవతల ఎవరో ఏదో చెబుతున్నట్టు వినేవాడు. బాగుంటే "ఆఁ" అనేవాడు. బాగులేకపోతే, "గులుగుతున్నది సార్" అనేవాడు. నునుపు కాని లోహం సణుగుతుందని ఆయన నమ్మకం. నమ్మకం కూడా కాదు, ఆయనకు వినపడేది.

కోరుట్ల బస్టాండు వెనక దుకాణం. ఒక మోటరు, దానికి రెండు వైపులా గుడ్డ చక్రాలు, ఒక మనిషి పట్టేంత జాగా. గోడలన్నీ నల్లగా ఉండేవి. చక్రం ముందు ఆయన నిలబడే చోట, వెనక గోడమీద మాత్రం మనిషి ఆకారంలో కొంచెం తెల్లదనం మిగిలి ఉండేది. గోడకు పట్టాల్సిన దుమ్ము అంత మేరకు ఎక్కడికి పోయిందో ఆయన దగ్గును బట్టి చెప్పవచ్చు.

నేను ఆయన దగ్గరికి వెళ్లడానికి కారణం నా పీహెచ్‌డీ. విషయం: లేజర్‌తో ముద్రించిన లోహపు వస్తువుల గరుకుదనం. ఇంట్లో చెప్పినప్పుడు మా అమ్మ, "గరుకుగ ఉంటే ఉప్పు కాగితం పెట్టి రుద్దరాదురా?" అంది. ఆరేళ్ల పరిశోధన తర్వాత నేనూ ఇంచుమించు అక్కడికే చేరాను.

లేజర్ ముద్రణ అంటే స్టీలును మెత్తని పిండిగా చేసి, పలచని పొరగా పరిచి, కావలసిన చోట లేజర్‌తో కరిగిస్తారు. దానిమీద ఇంకో పొర పరుస్తారు, మళ్లీ కరిగిస్తారు. అట్లా వేల పొరలు. ఎంత వంకర వస్తువైనా అచ్చు లేకుండా తయారవుతుంది. ఒళ్లు మాత్రం బొంబాయి రవ్వలో పొర్లించినట్టు వస్తుంది, సగం కరిగి అంటుకుపోయిన రేణువుల వల్ల. లేజర్ బలం ఎంత ఉండాలి, వేగం ఎంత ఉండాలి, ఎట్లా పెడితే చెయ్యి పెట్టే పని లేకుండా వస్తువు తనంతట తానే నునుపుగా వస్తుంది అన్నది నేను కనుక్కోవాలి. యంత్రం హైదరాబాదులో, నేను జగిత్యాలలో. ముక్కలు డబ్బాల్లో, డబ్బాలు బస్సుల్లో వచ్చేవి.

మా గైడు స్థానిక అవసరం ఏదైనా చూడమన్నాడు. సిరిసిల్ల పాత సాంచెల్లో పోగును దారి మళ్లించే ఒక వంకర ముక్క ఉంటుంది, లోపల సన్నని గాడితో. ఇప్పుడు దాన్ని తయారుచేసేవాళ్లు లేరు. ముద్రించి తీసుకుపోయి ఆసామికి ఇచ్చాను. బిగించి సాంచె నడిపించాడు. నేను చాయ్ గ్లాసు నోటి దగ్గరికి తెచ్చేలోపు పోగు తెగింది.

"సారూ, గిది పోగును నడిపిస్తదా, కోస్తదా?" అన్నాడు. నా మొహం చూసి జాలిపడ్డాడు. "కోరుట్లకు పొండ్రి. ఆడ పాలిష్ చాచా ఉన్నడు. ఇరవై ఏండ్లు మా సాంచెలకే పని చేసిండు. ఈడ పని తగ్గినంక ఊరికి మళ్లిండు. ఆయన చెయ్యి పడితెనే గిది దారికొస్తది."

అట్లా మొదటిసారి ఆ దుకాణం ముందు నిలబడ్డాను. ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పోత పోసిండ్రా సార్?"

"కాదు చాచా, ప్రింట్ చేసిండ్రు."

"ప్రింటా? పెండ్లి పత్రిక లెక్క?"

"ఆఁ, గట్లనే. పొర మీద పొర."

గోరు పెట్టాడు. తల గోడవైపు వాలింది. "గిటు నుంచి పోతె మెట్లు. గటు నుంచి వస్తె ఇసుక. గీ పక్క కిందికి పెట్టి చేసిండ్రు గద? కిందిపక్క ఎక్కువ గులుగుతున్నది." ఈ మూడు సంగతులు నేను మైక్రోస్కోపు కింద పెట్టి నెల రోజుల్లో కనుక్కున్నవి. కనుక్కున్నానని అప్పటికే ఇద్దరు ముగ్గురికి గొప్పగా చెప్పి ఉన్నాను కూడా.

గరుకుదనం కొలిచే చిన్న యంత్రం నా సంచిలో ఉంది. వజ్రపు మొన ఉన్న సూది ఒకటి ముక్క మీద పాకుతూ పోతుంది, తెరమీద అంకె వస్తుంది. చూపిస్తే పిల్లాడిలా నవ్వాడు. "మిషన్‌కు గోరు పెట్టిండ్రు! ఏం చెప్తది సార్ ఇది?"

"ఎత్తులు, గుంతలు అన్ని కలిపి సగటు చెప్తది."

నవ్వు ఆగింది. "సగటు ఎందుకు? పోగు సగటు మీద నడుస్తదా సార్? అన్ని జాగల మంచిగుండి ఒక్క కాడ గుంత ఉంటె గాడనే తెగుతది. గప్పుడు మీ సగటు వచ్చి ముడేస్తదా?"

మర్నాడు ఈ మాట క్లాసులో చెప్పాను. పిల్లలు మెచ్చుకున్నారు. చాచా చెప్పాడని మాత్రం చెప్పలేదు. దొంగతనంలో అప్పటికింకా చిన్న మోతాదులోనే ఉన్నాను.

ఆరు ముక్కలు ఇచ్చాను. బయటి ఒళ్లు ఒక పూటలో అయిపోయింది. లోపలి గాడి మలుపు దగ్గర చక్రం దూరదు. దానికోసం వెదురు పుల్లలు చెక్కి, కొసకు గుడ్డ చుట్టి, సబ్బు రాసి, ఒక్కో మలుపునూ చేత్తో రుద్దాడు. రెండు రోజులు. తొందర ఉందంటే, "తొందర చేస్తె లోహం మనసుల పెట్టుకుంటది సార్" అన్నాడు. పని అయ్యాక మోటరు ఆపి, నన్ను కూడా ఊపిరి ఆపమన్నట్టు చెయ్యెత్తి, చొక్కా జేబులోంచి తెల్ల పోగు తీసి గాడిలోంచి లాగాడు, చెవి దగ్గర పెట్టుకుని. బయట మెట్‌పల్లి బస్సు హారన్ కొడుతోంది, బఠానీలమ్మేవాడు అరుస్తున్నాడు. ఆయనకు వినపడాల్సింది అవేవీ కాదు. "ఆఁ" అన్నాడు.

నేను అద్దంలా మెరుస్తుందనుకున్నాను. మెరవలేదు. పాలు పోసి కడిగినట్టు మసకగా ఉంది. అడిగితే, "మెరిస్తె పోగు అతుక్కుంటది. నునుపు వేరు, మెరుపు వేరు" అన్నాడు.

ఇంకోరోజు నేను ఉండగానే మల్లాపూర్ నుంచి ఒక రైతు మోటరు పుల్లీ పట్టుకుని వచ్చాడు, తళతళ మెరిసేలా చెయ్యమని.

"చెయ్య" అన్నాడు చాచా.

"ఎందుకు చెయ్యవ్? ఊకెనే చెయ్యమంటున్ననా?"

"దీనికి మెరుపు పెడితె బెల్టు జారుతది. నీ పొలం ఎండుతది. నన్ను తిడుతవ్."

"తిట్టనియ్య్! నువ్వైతె చెయ్యి."

"నీ పెండ్లాం కూడ తిడతది పటేలా. నాకెందుకు?"

రైతు తిట్టుకుంటూ పోయాడు. ఆ నెల పని తక్కువగా ఉందని చాచా మొహమే చెబుతోంది. అయినా దానిది కాని మెరుపును ఒక వస్తువుకు అంటగట్టడం ఆయనకు చేతకాలేదు. ఆ విద్య నేర్వబోయేవాడు అప్పుడు ఆయన ముందే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

చాచా ముక్కలు సాంచెకు బిగిస్తే పోగు తెగలేదు. ఆసామి మెచ్చుకున్నాడు. కానీ నా థీసిస్ పుస్తకానికి అది పోలికకు మాత్రమే పనికొస్తుంది. 'చేతి పాలిష్, స్థానిక పనివాడు, కోరుట్ల' అని ఒక డబ్బా మీద చీటీ అంటించి పక్కన పెట్టాను. నాకు కావలసింది హైదరాబాదు నుంచి రావలసిన నాలుగో డబ్బా; మొదటి మూడూ గరుకుగానే వచ్చాయి. నేను లెక్కగట్టి పంపిన కొలతలతో లేజర్ ముద్రించిన ఆరు ముక్కలు అందులో వస్తాయి. అవి నునుపుగా రావాలి. వస్తాయని మా గైడుకు చెప్పాను, ప్రిన్సిపాల్‌కు చెప్పాను, ఇంట్లో చెప్పాను.

డాక్టరేటు తేల్చే పెద్దల ముందు ముక్కలు పెట్టి వివరించాల్సిన రోజుకు మూడు రోజుల ముందు నాలుగో డబ్బా వచ్చింది. తెరిచి గోరు పెట్టాను. అప్పటికి నాకూ ఆ అలవాటు పట్టింది. ముక్క గులిగింది. మిగతా అయిదూ అంతే.

నేను పెద్దగా ఏమీ చేయలేదు. రెండు డబ్బాల మూతలు మార్చాను. చీటీలు మూతలకు ఉన్నాయి.

మెరుపు ఉంటే ఎవరైనా అనుమానించేవాళ్లు. చాచా మెరుపు పెట్టలేదు కదా. పెద్దలు సూది పెట్టారు, సగటు చూశారు, తలలూపారు. చెయ్యి పెట్టకుండా ఇంత నునుపు రావడం విశేషమన్నారు. మూతలు మారితే రెండు వైపులా మారతాయన్న సంగతి పుస్తకం రాసేటప్పుడు తట్టింది. లేజర్ గరుకు ముక్కలు ఇప్పుడు చాచా చేతి పని కింద ఉన్నాయి. వాటి అంకెలు చూసి ఎవరైనా అడుగుతారని ఒక వాక్యం కూడా చేర్చాను: 'చేతి పాలిష్‌లో నిలకడ లోపించింది.' భాష బాగుందని గైడు అన్నాడు.

డాక్టరేటు వచ్చింది. ఉద్యోగం పర్మినెంట్ అయ్యింది. కాలేజీ వాళ్లు ఒక ముక్కను ల్యాబులో అద్దాల పెట్టెలో పెట్టి కింద కార్డు పెట్టారు. కార్డు నేనే రాశాను.

ఆ తర్వాత చాచాకు దగ్గు ఎక్కువైంది. కరీంనగర్‌లో డాక్టరు ఎక్స్‌రే చూసి, చక్రం ముందు ఇంకో ఏడాది నిలబడితే తర్వాత నిలబడే పని ఉండదన్నాడట. ఆ రోజుల్లోనే మా వర్క్‌షాపులో సహాయకుడి ఉద్యోగం ఒకటి పడింది. కూర్చుని చేసే పని, తడి కాగితంతో రుద్దడమే, దుమ్ము లేదు. ఆ సంగతి నేనే ఒకసారి నోరుజారి చాచాకు చెప్పాను. ఆయన మోటరు ఆపేశాడు. నన్ను ఏదైనా అడగడం అదే మొదలు.

"సార్, ఒక్క కాగితం రాసియ్యుండ్రి. గా ఆరు ముక్కలు నా చెయ్యి అని. సదువు కాగితం నా దగ్గర లేదు. గదే నా సదువు."

"రాస్త చాచా" అన్నాను.

తర్వాత వెళ్లినప్పుడు ఆయన అడగలేదు. చాయ్ తెప్పించాడు. ఆ పైసారి చాయ్‌తో పాటు ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాడు. "రాస్త చాచా" అని నేనే అన్నాను. ఆ పైసారి నేను వెళ్లలేదు.

ఆయనే వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ, నెత్తిన టోపీ, చేతులు ఎంత తోముకున్నాడో గాని పది గోళ్లూ తెల్లగా ఉన్నాయి. వరండాలో బెంచీ మీద దగ్గు ఆపుకుంటూ కూర్చున్నాడు. ప్రిన్సిపాల్ మంచి మనిషి. మా ఇద్దరినీ లోపలికి పిలిచాడు.

"కాగితాలేమన్న ఉన్నయా?" అని చాచాను అడిగాడు.

చాచా నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను.

ప్రిన్సిపాల్ నా పుస్తకం తీసి పేజీలు తిప్పాడు. మంచితనం కొద్దీనే తిప్పాడు. "ఇగో, కోరుట్ల పాలిష్ అని మా సార్ రాసిండు. ఇది మీదేనా? మరి అంకె జర ఎక్కువున్నదే. గరుకు. నిలకడ లేదని కూడ రాసి ఉన్నది." తర్వాత అద్దాల పెట్టెలోంచి ముక్క తెప్పించి బల్ల మీద పెట్టాడు. "మాకు గిట్ల కావాలె. చూడుండ్రి. ఇది లేజర్‌తోని వచ్చింది, చెయ్యి పెట్టలే. గింత మంచిగ చేత్తోని అయితదా?"

చాచా ముక్క తీసుకున్నాడు. కొత్త ముక్క ఏది ఇచ్చినా ఆయన గోరు ముందు బయటి ఒళ్లు మీద నడుస్తుంది. ఈసారి బయట నడవలేదు. నేరుగా లోపలి గాడిలోకి, రెండు రోజులు పుల్లలతో రుద్దిన మలుపు దగ్గరికి పోయి ఆగింది. తల గోడవైపు వాలింది. కళ్లు తెరిచి నన్ను చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే నాకు కాస్త సౌకర్యంగా ఉండేది.

ముక్కను రెండు చేతులతో బల్ల మీద పెట్టాడు.

"లేదు సార్" అన్నాడు ప్రిన్సిపాల్‌తో. "గింత పని నాతోని కాదు."

నేను అనవలసిన మాట చిన్నదే. 'ఆ ముక్క ఆయనదే' అంటే అయిపోతుంది, నా ఉద్యోగంతో సహా. ప్రిన్సిపాల్ చాయ్ తెప్పించాడు. చాచా మర్యాద కోసం సగం తాగాడు.

గేటు దాకా వెంట నడిచాను. దగ్గు తగ్గేదాకా గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"నౌకరి పర్మినెంట్ అయింది గద సార్?"

"అయింది చాచా."

"మంచిగైంది. పిల్లలున్నోళ్లు." బస్సు దూరంగా కనపడింది. ఆయన దానివైపే చూస్తూ అన్నాడు, "ముక్కలు తీసుకున్నరు, తీసుకోండ్రి. గా గరుకుదానికి నా చెయ్యి అని రాసిండ్రు సూడు. గదొక్కటి మంచిగనిపియ్యలే."

"సరిచేస్త చాచా" అన్నాను.

ఆయన బస్సెక్కాడు. మళ్లీ చక్రం ముందు నిలబడ్డాడని విన్నాను. డాక్టరు ఏడాది అన్నాడు. చాచా దానికి ఇంకో మూడు నెలలు కలిపాడు. ఆ పదిహేను నెలల్లో కోరుట్ల మీదుగా చాలాసార్లు పోయాను. మేడిపల్లి దాటగానే నాకు నిద్ర వచ్చేది, మెట్‌పల్లి దాకా మెలకువ రాకపోయేది, కోరుట్ల ఆ మధ్యలోనే దాటిపోయేది. నా ఆరోగ్యం మంచిదే.

ఆసామి ఫోన్ చేసిన మర్నాడు చాచా వాళ్లింటికి వెళ్లాను. చాచీ ఇద్దత్‌లో ఉంది. భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు పరాయి మగవాళ్ల కంట పడకూడదు. తలుపుకు అడ్డంగా కట్టిన దుప్పటి వెనక నుంచి మాట్లాడింది. వాళ్ల బిడ్డ కుర్చీ వేసింది. ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుందట.

"సారొచ్చిండా? కూసోమను" అంది చాచీ లోపలి నుంచి. "మీ గురించి ఎప్పుడు మంచిగనే చెప్పెటోడు సార్. నౌకరి కోసం సార్ శాన కోషిష్ చేసిండు, నేనే పరీక్షల ఫెయిలైన అనెటోడు."

నేను తల ఊపాను. దుప్పటి అవతలికి అది కనపడదు.

బిడ్డ నీళ్ల గ్లాసు ఇచ్చి అక్కడే నిలబడింది. తండ్రిని ఆమె 'అబ్బా' అంటుంది.

"సార్, ఒక్కటి అడుగుత, ఏమనుకోకండి. అబ్బా ఎన్నడు ఒక పని నాతోని కాదనంగ మేం వినలే. మీ మిషన్ ముక్క, అబ్బా ముక్క పక్కపక్కన పెడితె నిజంగనే గంత ఫరక్ ఉండెనా?"

దుప్పటి అంచు కొద్దిగా కదిలింది.

"లేదమ్మా" అన్నాను. "రెండు ఒక్క తీరుగనే ఉండె."

ఆమె నా చేతిలోని గ్లాసు తీసుకుంది.

"అట్లయితె అబ్బాను ఎందుకు తీసుకోలే సార్?"

బస్సుకు టైమవుతోందని లేచాను. కోరుట్ల నుంచి జగిత్యాలకు పొద్దంతా బస్సులుంటాయి. ఆ సంగతి ఆమెకూ తెలుసు.